ఎడమ సీటు

రాయచూరులో గురురాజ్ మేస్త్రి చేయి పడని బండి ఏదైనా ఉందంటే అది రైలొక్కటేనని గంజ్ రోడ్డులో అనుకునేవాళ్ళు. అది పొగడ్తో వేళాకోళమో అన్నవాడి ముఖం చూసి తెలుసుకోవాలి. అంబాసిడర్‌లోంచి పెట్రోలు ఇంజను పీకి మెటాడోర్ డీజిలు ఇంజను కూర్చోబెట్టడం, జీపును నడుం దగ్గర కోసి మూరెడు పొడుగు అతికి ఇంకో బెంచీ వేయడం, ట్రాక్టరు స్ప్రింగులు తెచ్చి వ్యాను కింద బిగించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఎనభైల్లో శక్తినగర్‌లో థర్మల్ ప్లాంటు లేచినప్పుడు కాంట్రాక్టర్ల జీపులు, షిఫ్టు మనుషుల్ని మోసే వ్యాన్లు ఆయన షెడ్డు ముందు వరస కట్టాయి. ఆరుగురు పట్టే బండిలో పదముగ్గురిని ఎలా కూర్చోబెట్టాలో కంపెనీ ఇంజనీర్లకు తెలియదు, గురురాజ్‌కు తెలుసు. ఆ ప్లాంటు ఊరికి కరెంటు ఇచ్చిందో లేదో గానీ గురురాజ్ ఇంట్లో మాత్రం పొయ్యి ఆరకుండా చూసింది.

ఆయనది పాత రాయచూరు తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, షెడ్డులో ఉర్దూ. తండ్రి నిజాం కాలంలో కచేరీ అధికారులకు టాంగా తోలాడు. గుర్రాన్ని నమ్ముకున్న ఆ మనిషి, కొడుకు ఇంజన్ల వెంట పడ్డాడని చచ్చేదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు. గురురాజ్ హైదరాబాదులో ఒక పార్సీ ఆయన గ్యారేజీలో ఆరేళ్ళు పని నేర్చుకున్నాడు. అక్కడికి దొరల కార్లు వచ్చేవి. రెండు కార్బొరేటర్ల ఇంజనుకు రబ్బరు గొట్టం ఒక కొస ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో వినడం అక్కడే అబ్బింది. రాయచూరు తిరిగి వచ్చాక ఆ విద్యకు పని పడలేదు. ఈ ఊళ్ళో రెండు కార్బొరేటర్ల కారు ఎవడికుంది?

ఒకడికి ఉండేది. ఊరి బయట మూతపడిన ఒక జిన్నింగు మిల్లులో, పత్తి గింజల బస్తాల వెనక, ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పదమూడేళ్ళుగా పడి ఉంది. మిల్లు యజమాని కుర్రతనంలో బొంబాయిలో ముచ్చటపడి కొని, రెండేళ్ళు తిప్పి, పొట్ట పెరిగి స్టీరింగు వెనక పట్టక వదిలేశాడు. ఆయన పోయాక మిల్లు పడగొడుతూ, ఈ తుక్కును ఎక్కడికైనా లాక్కుపొమ్మని వారసులు గురురాజ్‌కు కబురు చేశారు. ఆయన ఎద్దుల బండికి కట్టి లాక్కొచ్చాడు. తీన్ కందిల్ కూడలి వెనక సందులో ఆయన ఇల్లు. ఇంటి పక్కన రేకుల కొట్టంలో దాన్ని పెట్టి రెండేళ్ళు తవ్వాడు. ఎలుకలు తిన్న వైర్లు, తుప్పు పట్టిన పిస్టన్లు, కుళ్ళిన తోలు, ఒక్కొక్కటీ బాగుచేశాడు. దాని ఇంగ్లీషు పేరు సందులో ఎవరికీ నోరు తిరగలేదు. ఎర్రగా ఉంది కాబట్టి కన్నడం కలిపి కెంపు గాడి అన్నారు.

ఇక్కడే గురురాజ్‌లోని రెండో మనిషి బయటపడ్డాడు. లోకంలోని బండ్లన్నింటినీ కోసి అతికించిన ఆ చేయి ఈ బండి దగ్గర ఒక్క మరను కూడా మార్చలేదు. దొరకని సామానుకోసం హైదరాబాదు, మద్రాసు, పూనా పాత సామాన్ల బజార్లు గాలించాడే తప్ప వేరే బండిది తగిలించలేదు. ప్లాంటు బూడిద లారీలు తిరిగి తిరిగి శక్తినగర్ రోడ్డు గుంతలు పడినప్పుడు, కారు పొట్ట నేలకు రాసుకుంటోందని, నాలుగంగుళాలు పైకి లేపమని స్నేహితులు చెప్పారు. వినలేదు. డీజిలు ఇంజను పెడితే నూనె ఖర్చు సగం అవుతుందన్నారు. ఆ మాట అన్నవాడితో వారం రోజులు మాట్లాడలేదు.

"కంపెనీవాడు ఏది యాడ పెట్టిండో అది ఆడనే ఉండాలె. ఊర్ల బండ్లన్నీ నేనే ఖరాబ్ చేసిన. ఇదొక్కటన్న సాఫ్‌గ ఉండనీ" అనేవాడు.

ఆయన భార్య అహల్య దాన్ని సవతి అనేది. సవతిని తిట్టుకోవాలి గదా, ఈమె దానికి స్నానం చేయించేది. పాత చీర ముక్క తడిపి బానెట్టు మీద బూడిద తుడిచేది. అంతకంటే చిత్రం, ఆమెకు చెవి ఉంది. గొట్టం లేకుండానే, వంటింట్లోంచి, రొట్టె తడుతూనే పలికేది.

"ఏమయ్య, ముందుదానికి ఊపిరి జర తక్కువైంది చూడు."

ఆయన గొట్టం పెట్టి చూస్తే అదే నిజమయ్యేది. హైదరాబాదులో ఆరేళ్ళు తను నేర్చిన విద్య ఈమెకు రొట్టెల పీట దగ్గర ఎలా వచ్చిందో ఆయనకు ఎప్పటికీ అర్థం కాలేదు. గర్వంగా మాత్రం ఉండేది.

గురువారం ఆయన షెడ్డు మూసేవాడు. తనకు ఏ స్వామి పేరు పెట్టారో ఆ స్వామి వారం అని చెప్పుకునేవాడు గానీ ఆ రోజు అసలు పూజ సాయంత్రం నాలుగింటికి మొదలయ్యేది. కుడి సీటులో ఆయన, ఎడమ సీటులో అహల్య. తలకు కొంగు బిగించి కట్టుకునేది. పైకప్పు గుడ్డ వెనక్కి మడిచేవాళ్ళు. చిక్కసూగూరు దాటి, దారంతా పొలాలు, తర్వాత ప్లాంటు చిమ్నీలు, తర్వాత కృష్ణ బ్రిడ్జి. బ్రిడ్జి ముందర తాటాకు కొట్టులో మండక్కి మరమరాలు, మిర్చి బజ్జి పొట్లం కట్టించుకుని నీళ్ళు చూస్తూ తినేవాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు చిక్కసూగూరు దగ్గర కొంచెం బాగున్న రోడ్డు ఒకటిన్నర మైలు ఉండేది. అక్కడ ఆయన కాలు నొక్కేవాడు. కారు గర్జించేది. అహల్య కళ్ళు మూసుకుని నవ్వేది. పెళ్ళయిన కొత్తలో నవ్విందో లేదో ఆయనకు జ్ఞాపకం లేదు గానీ ఆ ఒకటిన్నర మైలులో మాత్రం ప్రతి గురువారం నవ్వింది. కూతురు స్ఫూర్తి చిన్నప్పుడు వాళ్ళిద్దరి మధ్య ఇరికి కూర్చునేది. పెద్దదయ్యాక, మీ ఇద్దరి నడుమ నేనెందుకని ఇంట్లో ఉండిపోయేది. అలా పద్దెనిమిదేళ్ళు జరిగింది.

పందొమ్మిదో ఏడు మాఘంలో ఒక తెల్లవారి అహల్య మంచం మీంచి లేవబోయి లేవలేకపోయింది. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మాట పోలేదు, అదృష్టం. నాలుగు నెలల్లో కర్ర పట్టుకుని గదిలోంచి వాకిట్లోకి రాగలిగింది. కుర్చీలో కూర్చుని లేచేది. స్ఫూర్తి చిక్కసూగూరు బడిలో టీచరు. పొద్దున తల్లిని సిద్ధం చేసి, సిటీ బస్సెక్కి పోయి, సాయంత్రం నాలుగున్నరకు తిరిగి వచ్చేది.

గురువారాలు మాత్రం ఆగిపోయాయి. కెంపు గాడి సీటు నేలకు జానెడు మీద నాలుగు వేళ్ళు. దానిలోకి ఎక్కడం ఉండదు, దిగబడడమే. కాళ్ళు ముందుకు చాచి కూర్చోవాలి. మంచి కాళ్ళున్నవాళ్ళకే అందులోంచి లేవడం తల ప్రాణం తోకకొస్తుంది.

జ్యేష్ఠంలో ఒక గురువారం ఆయన ఆగలేకపోయాడు. పక్కింటి హుచ్చమ్మను పిలిచి, ఇద్దరూ చెరో రెక్కా పట్టి అహల్యను ఎడమ సీటులో కూర్చోబెట్టారు. ఆమె కొంగు కట్టుకుంది. బ్రిడ్జి దాకా హాయిగా పోయారు. అక్కడ ఆమెకు ఒంటేలుకు పోవలసి వచ్చింది. దింపబోతే రాలేదు. ఆయనకు అప్పటికే అరవై దాటాయి, ఇంజన్లు మోసి మోసి నడుము పట్టు తప్పింది. లాగాడు, జారింది. మళ్ళీ లాగాడు. అంతలో ప్లాంటు షిఫ్టు వ్యాను ఒకటి ఆగింది. అది ఆయన అతికి పొడుగు చేసిన వ్యానే. అందులోంచి నలుగురు కుర్రాళ్ళు దిగి, పాపం మంచితనంతోనే, చంకల కింద చేతులు పెట్టి ఆమెను బస్తా లాగినట్టు బయటికి లాగారు. అప్పటికే చీర తడిసింది. కుర్రాళ్ళు చూడనట్టు ముఖాలు తిప్పుకున్నారు. అది ఇంకా బాధ.

ఇంటికి వచ్చాక అహల్య ఏడవలేదు. రెండు రోజుల తర్వాత మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నా అంతల నేను లేసినప్పుడే మళ్ళ ఆ గాడిల కూసుంట. అప్పటిదాంక వద్దు."

"అంబాసిడర్ల పోదాం. రైస్‌మిల్లు ఆయనది షెడ్డుల ఉంది. పీట ఎత్తుగ ఉంటది" అన్నాడాయన.

ఒకసారి పోయారు కూడా. అహల్య కిటికీలోంచి చిమ్నీల వైపు చూస్తూ కూర్చుంది. తిరిగి వస్తూ, "దవాఖానకు పోయినట్లుంది" అంది. ఇంకోసారి అడగలేదు.

అప్పుడు గురురాజ్ తల్లో పురుగు తొలవడం మొదలైంది. కారును మార్చాలా, వద్దా? వేరేవాళ్ళ బండయితే ఒక సాయంత్రం పని. తలుపు కింద గడపలాంటి అంచును కోసి దించాలి, సీటు కింద పట్టీలు తీసి, గుండ్రంగా తిరిగే చట్రం వేసి, అరడుగు పైకి లేపాలి. అప్పుడు సీటు తలుపు వైపు తిరుగుతుంది, అహల్య కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. కొలతలు తీశాడు. ఎక్కడ కోయాలో సుద్దతో గీత గీశాడు. కటింగు మిషను ఇంటికి తెచ్చి పక్కన పెట్టాడు. పెట్టి, తీరిగ్గా బీడీ ముట్టించుకుని, పొద్దుగూకేదాకా ఆ గీతను చూస్తూ కూర్చున్నాడు. కోయలేదు.

ఆయన్ని పిసినారి అనలేం, మొండి అనలేం. బతుకంతా కక్కుర్తి పనులు చేసిన మనిషి ఒక్క పని శుభ్రంగా చేశాడు, ఆ ఒక్కటీ చెడగొట్టుకోవడానికి చేయి రాలేదు. అలా అని నేను ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. ఎదురుగా కట్టుకున్నది కూర్చుని ఉంది.

"అది అమ్మి కొత్త కారు కొను నాయిన. ఇప్పుడు ఎత్తుగ ఉండేవి శాన వచ్చినయి. అమ్మ సులువుగ కూసుంటది" అంది స్ఫూర్తి.

ఆయన భార్య వైపు చూశాడు. అహల్య నవ్వింది.

"సవతిని ఎల్లగొట్టి నేనొక్కదాన్నే ఏం చేసుకోవాలె? ఉండనీ తియ్యి."

శ్రావణంలో బెంగళూరు నుంచి యోగానంద్ అనే ఆయన వచ్చాడు. పాత కార్లంటే ప్రాణం ఇచ్చే మనిషి, ఎవరో చెబితే విని రైలెక్కి వచ్చాడు. కొట్టంలో మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, చిన్న పుస్తకంలో నంబర్లు సరిచూసుకుంటూ రెండు గంటలు కారు కిందా మీదా వెతికాడు. లేచేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"మేస్త్రీ, ఒందు స్క్రూ కూడ ముట్టబేడి" అన్నాడు. ఒక్క మర కూడా ముట్టుకోవద్దని. ఇలా పుట్టినది పుట్టినట్టున్న కారు దేశంలో తను ఇంకోటి చూడలేదన్నాడు. డిసెంబరులో బెంగళూరులో పాత కార్ల ప్రదర్శన ఉంది, దానికి తెమ్మన్నాడు. తలుపు అంచు మీద సుద్ద గీత చూసి ఇదేమిటని అడిగాడు. గురురాజ్ చెప్పాడు. యోగానంద్ పీడకల విన్నట్టు ముఖం పెట్టి, వాకిట్లో కుర్చీలో ఉన్న అహల్యను చూసి, పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. పోయేముందు మాత్రం, "కోస్తే అది కారు కాదు మేస్త్రీ, మామూలు తుక్కు" అని మెల్లగా అన్నాడు.

అరవై రెండేళ్ళ బతుకులో గురురాజ్ పనిని చూసి ఒక చదువుకున్న మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం అదే మొదలు. ఆ సాయంత్రం ఆయన ముఖం వెలిగిపోయింది. అన్నం తింటూ ప్రదర్శన గురించే మాట్లాడాడు. తినడం అయ్యాక కొంచెం తగ్గి, భార్య ముఖం చూడకుండా అన్నాడు.

"డిసెంబరు దాంక చూద్దామె. ఒక్కపారి బెంగళూరుల చూపిచ్చుకొని వస్త. వచ్చినాక కోస్త. తెల్లారే కోస్త."

"ఏం తొందర లేదు. నేను యాడికి పోత?" అంది అహల్య.

అది ఆగస్టు నెల. సెప్టెంబరు, అక్టోబరు మొదటి వారం ఆమె ముఖంలో ఏదో కళ వచ్చింది. ఆకలి పెరిగింది. ఆయన గురువారం కొట్టంలో ఇంజను తిప్పుతుంటే వాకిట్లో కుర్చీలో కూర్చుని విని, వెనకదానికి ఊపిరి ఎక్కువైందనో, సరిపోయిందనో చెప్పేది. ఒకసారి మోచేతి మీద కమిలిన మచ్చ కనబడింది. ఏమైందంటే గోడకు తగిలిందంది. ఒకనాడు సాయంత్రం ఏదో మరిచిపోయి ఐదింటికి షెడ్డు నుంచి ఇంటికి వచ్చాడు, నడిమి గది తలుపు గడియ పెట్టి ఉంది. లోపల్నుంచి స్ఫూర్తి, "అమ్మకు నూనె రాస్తున్న నాయిన" అంది. ఆయన తనకు కావలసింది తీసుకుని పోయాడు. ఫర్లాంగు దూరంలో పోయే ఇంజనులో బేరింగు అరిగిందని చెప్పగల మనిషికి, తన ఇంట్లో మూసిన తలుపు వెనక ఏం జరుగుతోందో చెవిన పడలేదు.

దసరా వెళ్ళిన మూడో నాడు, బుధవారం, షెడ్డుకు కబురు వచ్చింది. అహల్య పడిపోయిందని. పోయేసరికి నడిమి గదిలో నేల మీద ఉంది, తల కింద స్ఫూర్తి తొడ. తుంటి ఎముక విరిగింది.

"ఎట్ల పడ్డవ్?" అన్నాడు.

"తానాల బచ్చలిల జారిన. స్ఫూర్తి ఈడికి తెచ్చింది" అంది అహల్య. స్ఫూర్తి తల ఎత్తలేదు.

ఆసుపత్రిలో ఎముకకు కట్టు కట్టారు గానీ వెల్లకిలా పడుకున్న మనిషికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఇరవై రెండు రోజులే బతికింది. చివరి రోజుల్లో ఆయాసపడుతూనే ఒకసారి చెవి దగ్గరకు రమ్మంది. ఆయన వంగాడు.

"బెంగళూరుకు పోయేముందు రెండిటికీ సమంగ గాలి పెట్టు" అంది. కార్బొరేటర్ల గురించి.

ఆయన బెంగళూరు పోలేదు. యోగానంద్ రెండుసార్లు ఫోను చేసి, సంగతి విని, ఓదార్చి ఊరుకున్నాడు. డిసెంబరు గడిచింది. కారు మీద బూడిదో దుమ్మో పేరుకుంది, తుడిచేవాళ్ళు లేరు. తలుపు అంచు మీద సుద్ద గీత అలాగే ఉంది. ఆమె పోయింది తుంటి విరిగి గదా, కారుకూ దానికీ ఏం సంబంధం అని గురురాజ్ తనకు తాను చెప్పుకునేవాడు. కోసి ఉంటే ఇంకో పది గురువారాలన్నా ఆమెను తిప్పేవాణ్ణి అన్న బాధ ఉండేది, అంతే. ఆ బాధతో ఆయన బతకగలిగేవాడు.

సంవత్సరీకానికి ఇంకా నెలలున్నా, మాఘంలోనే ఇంటికి సున్నం వేయిద్దామని నడిమి గది సర్దుతుంటే, మంచం కింద గోనె సంచి చుట్టిన వస్తువు చేతికి తగిలింది. విప్పాడు. చెక్క పీట. కొత్తది. నాలుగు పొట్టి కాళ్ళు, వెడల్పు పలక, కొంచెం వెనక్కి వాలుగా ఉంది. అంచులు నున్నగా రందా పట్టి ఉన్నాయి. వడ్రంగి బసవప్ప పని అని చూడగానే తెలిసింది. రొట్టెలు చేసుకోవడానికి ఇది చాలా ఎత్తు, కూర్చోవడానికి మరీ తక్కువ. వెనక్కి ఈ వాలు ఎందుకు? పనివాడి చేతులు వాటంతట అవే కొలిచాయి. జానెడు మీద మూడు వేళ్ళు.

స్ఫూర్తి బడి నుంచి వచ్చేదాకా ఆయన ఆ పీట ముందే కూర్చున్నాడు. ఆమె వాకిట్లోకి వచ్చి, ఆయన ముందున్నది చూసి, చేతిలో సంచి కింద పెట్టి గోడకు ఆనుకుంది.

"ఏంది బిడ్డ ఇది?"

"అమ్మ చేపిచ్చుకుంది."

"ఎందుకు?"

స్ఫూర్తి వచ్చి పీటకు అవతల నేల మీద కూర్చుంది. తర్వాత ఆగకుండా చెప్పింది. యోగానంద్ వచ్చిపోయిన మర్నాడే అమ్మ కొలత తీయించింది. నాయిన షెడ్డులో ఉన్నప్పుడు బసవప్పను ఇంటికే పిలిపించింది. రోజూ సాయంత్రం స్ఫూర్తి బడి నుంచి రాగానే తలుపు గడియ పెట్టి ఆ పీట మీద కూర్చోవడం, లేవడం. మొదటి పది రోజులు ఒక్కసారి కూడా లేవలేదు. కాళ్ళు ముందుకు చాచి, కుడి చేత్తో కిటికీ చువ్వ పట్టుకుని, చెమటలు కారుతూ, వంగి, పట్టు తప్పి పడి, మళ్ళీ కూర్చుని. నెల తిరిగేసరికి చువ్వ పట్టుకుని తనంతట తను లేచింది.

"వద్దమ్మ, నాయినకు చెప్తనంటే వినలే. ఆయన బతుకంత ఊరోళ్ళ బండ్లు కోసి అతుకుడే చేసిండు, ఇదొక్కటి ఖుషీగ చేసుకుండు, దాన్ని నాకోసరం కోయనీయొద్దు అన్నది. నేనే జర మారితే ఏం పోతది అన్నది."

"మరి..."

"ఆ బుధవారం నాడు చువ్వ పట్టుకొని మూడుసార్లు లేసింది నాయిన. శాన సంతోషపడింది. రేపు గురువారం, రేపే చెప్తనన్నది. మళ్ళ ఆగి, గాడిల చువ్వ లేదు కదనె, ఆడ పట్టుకునేదానికి ఏం లేదు, ఇడిసిపెట్టి లేస్త చూడు అన్నది. వద్దన్న. ఇడిసిపెట్టింది."

ఆ తర్వాత ఏమైందో ఆయన చూశాడు. నేల మీద అహల్యను, కూతురి తొడ మీద ఆమె తలను.

గురురాజ్ పీట తీసుకుని కొట్టంలోకి పోయాడు. ఏం చూడాలని పోయాడో ఆయనకే తెలియదు. పనివాడు ఏడవలేనప్పుడు కొలతలు తీస్తాడు కాబోలు. పీటను ఎడమ తలుపు పక్కన సీటుకు ఆనించి పెట్టాడు. ఒక వేలు తక్కువ. ఇన్నాళ్ళ కష్టమూ తప్పు కొలత మీద పడిందే అనుకున్నాడు.

"కొలత ఎవరు తీసిండ్రు?" అని అడిగాడు.

"నేను సీటుల కూసున్న. అమ్మ బయట కుర్చీ మీదకెల్లి వంగి దారం పట్టింది" అంది స్ఫూర్తి వాకిట్లోంచి.

ఆయన సీటు మీద అరచేయి పెట్టి బలంగా నొక్కాడు. తోలు కింద స్ప్రింగు దిగింది. సరిగ్గా ఒక వేలు. మనిషి కూర్చుంటే సీటు ఒక వేలు దిగుతుంది. పద్దెనిమిదేళ్ళు అక్కడ కూర్చున్న మనిషికి అది తెలుసు. ఖాళీ సీటు కొలిచిన మేస్త్రికి తెలియలేదు. వెనక్కి వాలు కూడా అంతే ఉంది.

అప్పుడు ఆయన ఎడమ తలుపు తెరిచి ఆ సీటులో కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. ఆయన చోటు ఎప్పుడూ కుడివైపే, ఆ కారు ఇంకొకరికి నడపడానికి ఇచ్చింది లేదు కాబట్టి ఇటు కూర్చోవలసిన పని పడలేదు. కాళ్ళు చాచాడు. ఎదురుగా నున్నటి నల్ల రేకు డ్యాష్‌బోర్డు. లేవబోయాడు. అటువైపు అయితే స్టీరింగు పట్టుకుని లేస్తాడు, ఇన్నేళ్ళూ అలాగే లేచాడు, లేవడం కష్టమని కూడా ఎప్పుడూ అనిపించలేదు. ఇక్కడ చేతికి ఏమీ తగల్లేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నడుము కలుక్కుమంది. గాలిలో చేయి చాచి, పట్టు కోసం వెతుక్కుంటూ, ఆ ముసలాయన తన చేత్తో బాగుచేసుకున్న సీటులో అలా కూలబడి ఉండిపోయాడు.

కోయాలా వద్దా, అమ్మాలా ఉంచాలా అని నెలల తరబడి తర్కించుకున్నాడు. తలుపు అంచు, తిరిగే చట్రం, ట్రాక్టరు స్ప్రింగులు, అన్నీ ఆలోచించాడు. ఊళ్ళో ప్రతి జీపుకూ, ప్రతి షిఫ్టు వ్యానుకూ మనుషులు పట్టుకోవడానికి ఇనుప పిడి బిగించింది ఆయనే. వందలు బిగించాడు. కూర్చున్న మనిషికి పట్టు ఉండాలన్నది షెడ్డులో ఆయన మొదట చూసే సంగతి. ఇంట్లో మాత్రం తట్టలేదు. ఆమె కూడా అడగలేదు. ఒక్క మర కూడా ముట్టొద్దన్న మాట ఆమె కూడా విన్నది.

స్ఫూర్తి వచ్చి చేయి ఇస్తే పట్టుకుని లేచాడు. షెడ్డుకు పోయి జానెడు ఇనుప కడ్డీ, రెండు బోల్టులు, చేతి డ్రిల్లు తెచ్చాడు. ఎడమ సీటు ఎదురుగా, ఆమె కుడి చేతికి అందే చోట, కంపెనీవాడు వదిలినది వదిలినట్టున్న ఆ నల్ల బోర్డుకు రెండు బెజ్జాలు వేశాడు. కడ్డీ బిగించి, పట్టుకుని లాగి చూశాడు. కదల్లేదు. తలుపు అంచు మీద సుద్ద గీతను తడి గుడ్డతో తుడిచేశాడు. అప్పుడు ఏడ్చాడు, గోడ అవతల హుచ్చమ్మకు వినబడేలా ఏడ్చాడు.

ఆ పనికి మొత్తం పావుగంట కూడా పట్టలేదు.